తొమ్మిదో బుట్ట

సాయంత్రం ఆరింటికి భిలాయిలో పవర్ హౌస్ రైల్వే స్టేషన్ బయట నిలబడితే ఫోన్లలో రకరకాల ధరలు వినిపిస్తాయి. టమాటా ఎంత, బంగారం ఎంత, దుర్గ్ దాకా ఆటోకి ఎంత. అక్కడే టీ కొట్టు పక్కన సైకిల్ ఆపుకుని నిలబడే అప్పలసూరికి మాత్రం పాలకొండ నుంచి భార్య కన్నమ్మ ఫోన్ చేసేది. ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఎంతున్నాది మావా?"

"డెబ్బయ్యారు."

"నిన్న డెబ్బై ఎనిమిదన్నావు కదా?"

"తగ్గిపోనాదే. అక్కడ కార్లు అమ్ముడవట్లేదంట."

"కార్లు కొనడానికి ఆళ్లకేటి రోగం?" అని కన్నమ్మ ఐరోపా ఖండాన్ని కాసేపు తిట్టి, ఆ తర్వాతే తిన్నావా అని అడిగేది.

వాళ్లు మాట్లాడుకునేది టన్ను కార్బన్‌కి ఐరోపాలో పలికే ధర గురించి. పాలకొండ మొత్తంలో ఆ అంకె రోజూ తెలిసిన మనిషి కన్నమ్మ ఒక్కతే అయి ఉంటుంది. ఆమె చదివింది ఏడో తరగతి, అదీ హిందీ మీడియం. రోజూ సాయంత్రం ఫోన్లో అంకెలు అడుగుతోందంటే ఈవిడ మొగుడు భిలాయిలో షేర్ల వ్యాపారం చేస్తున్నాడని పొరుగువాళ్లు నిర్ణయించేశారు. అప్పటినుంచి వాళ్ల ఇళ్లకు వెళితే ఆమెకు కుర్చీ వేసేవారు.

అప్పలసూరి షేర్లు ఎరగడు. భిలాయి పక్క కార్ఖానాల పేట హథ్‌ఖోజ్‌లో ఇనుము పోత పోసే సుభాష్ ఫౌండ్రీలో మెల్టరు, అంటే కరిగించే మనిషి. ముప్పయ్యారేళ్లుగా ఒకటే కొలిమి దగ్గర ఉన్నాడు. దాన్ని కుపోలా అంటారు. రెండంతస్తుల ఎత్తున్న ఇనుప గొట్టం అది. పైనుంచి కోకు బొగ్గు, తుక్కు ఇనుము, సున్నపురాయి ఒక్కో దఫాగా, వాళ్ల మాటలో ఛార్జిగా, పొరలు పొరలుగా వేస్తే, అడుగు నుంచి కరిగిన ఇనుము కాలవలా దిగుతుంది. ఆ ఇనుముతో పైపుల ఎల్బోలు పోస్తారు. మన మోచేయిలా వంగిన ఆ ముక్కలు పెట్టెల్లో పడి ఐరోపా వెళతాయి.

అప్పలసూరి కుడి చెంప గురించి హథ్‌ఖోజ్‌లో అందరికీ తెలుసు. కొలిమి రంధ్రం దగ్గర చెంప పెట్టి ఇనుము ఎంత వేడెక్కిందో చెప్పేవాడు. ఒకసారి నాగపూర్ నుంచి ఒక ఇంజనీరు వేడి కొలిచే యంత్రం తెచ్చి పదమూడు వందల తొంభై అన్నాడు. అప్పలసూరి చెంప తడుముకుని పదమూడు వందల డెబ్బై అన్నాడు. యంత్రాన్ని తిరిగి నాగపూర్ పంపి పరీక్షిస్తే, అది ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. ఆ అవమానానికి ఆ యంత్రం మళ్లీ పని చేయలేదని హథ్‌ఖోజ్‌లో చెప్పుకుంటారు.

కానీ కొలిమికి వేడి ఒక్కటే ఉండదు, పొగ కూడా ఉంటుంది. ఫౌండ్రీ కుళాయి దగ్గర ఒకసారి, కోహ్కాలో ఇంటి పెరట్లో ఇంకోసారి సబ్బు పెట్టి స్నానం చేసినా, ఆ పొగ అప్పలసూరి వెంట్రుకల్లో, గోళ్లలో, చెవుల వెనక మిగిలిపోయేది. అతను గుమ్మం దాటి లోపలికి రాగానే కన్నమ్మకు దగ్గు మొదలయ్యేది. ఆమె కోహ్కాలో ఉన్న చివరి ఏడాది ఆ దగ్గు తెల్లారేదాకా పోయేది కాదు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు సూటిగా చెప్పేశాడు.

"ఊరి గాలిని నేను మార్చలేనమ్మా. మీ ఆయన ఒంటి మీద మోసుకొచ్చే పొగని మాత్రం ఇంట్లోకి రానీయకండి."

మొగుణ్ణి లోపలికి రానిచ్చి పొగని మాత్రం బయట పెట్టే ఉపాయం ఇద్దరికీ తోచలేదు. కన్నమ్మే పాలకొండలో తమ్ముడింటికి వెళ్లింది. రెండేళ్లవుతోంది. వారం తిరక్కుండా ఊపిరి కుదుటపడింది. మనసు మాత్రం కుదుటపడలేదు. ఆమె పుట్టింది భిలాయిలోనే. పాలకొండలో కూరలమ్మిని "దీదీ" అని పిలిస్తే పిల్లలు నవ్వేవారు. గుప్‌చుప్ అని అక్కడ పిలిచే పానీపూరీ బండి దగ్గర ఆకు దొప్పలో పోసే ఆ పుల్లనీళ్ల కోసం, కోహ్కా పెరట్లో తను నాటిన జామచెట్టు కోసం, వాకిట్లో అప్పలసూరి సైకిల్ గంట కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది.

"పని మానీసి నానే వొచ్చేస్తానే," అని అప్పలసూరి ఎన్నోసార్లు అన్నాడు.

"వొచ్చి ఏటి సేస్తావు? తమ్ముడి అరుగు మీద ఇద్దరం చుట్టాల్లాగ కూకుందుమా? అది నా ఇల్లు కాదు మావా. నా ఇల్లు కోహ్కాలో ఉన్నాది."

రైలెక్కే ముందు ఆమె పవర్ హౌస్ బజార్లో అతనికో ఆకాశం రంగు చొక్కా కొంది. మడత విప్పకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి ముడేసి, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించింది. "దీనికి పొగ తగలనీకు. నానొచ్చిన రోజున ఇది తొడుక్కుని స్టేషనుకి రావాల," అంది. ఆదివారం ఆదివారం అప్పలసూరి ఆ కవరు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. ముడి విప్పేవాడు కాదు. కొట్టు వాసనే ఇంకా ఉందని తనకు తనే చెప్పుకునేవాడు.

ఇక ఐరోపా ధర వీళ్ల కాపురంలోకి ఎలా వచ్చిందంటే, దాన్ని తెచ్చింది సుభాష్. ఫౌండ్రీ యజమాని. తెలుగు పనివాళ్ల మధ్య పెరిగిన అగర్వాల్ కుర్రాడు, ఇప్పుడు నలభై అయిదేళ్లవాడు. తెలుగు బాగానే వచ్చు గానీ అందులో "మీరు" అనే మాట ఉందని ఎవరూ చెప్పలేదు. ఒకరోజు అందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడు చాచా, మన ఎల్బో పోసేటప్పుడు ఎంత పొగ వస్తుందో అంతకి అక్కడ పన్ను వేస్తారు. పన్ను కట్టేది సరుకు కొనేవాడే, కానీ దాన్ని మనకిచ్చే ధరలో కోసుకుంటాడు. ఈ ఏడు కొంచెమే. ఏటేటా పెరుగుతుంది. కరెంటు ఫర్నేస్ పెడితే ఇక్కడ కోకు ఉండదు, పొగ ఉండదు, కోత ఉండదు."

"మరి పెట్టీ బాబూ," అన్నాడు అప్పలసూరి. అతని గొంతులో తొందరకు షెడ్డంతా తలతిప్పి చూసింది. కొత్త ఫర్నేస్ అంటే పాత మెల్టర్లు ఏడుస్తారని సుభాష్ అనుకున్నాడు. ఈయన రేపు ఉదయమే తెమ్మనేలా ఉన్నాడు.

"అక్కడే ఉంది చిక్కు. ఆ పన్ను అక్కడి కార్బన్ ధర మీద నడుస్తుంది. ధర ఎనభై యూరోల మీద నిలబడితే నాలుగేళ్లలో ఫర్నేస్ ఖర్చు తిరిగొస్తుంది. కింద పడితే ఎప్పటికీ రాదు. నేను మునుగుతా."

అప్పటినుంచి ఎనభై అనేది కన్నమ్మ ఇంటికొచ్చే రైలు నంబరు లాంటిదైపోయింది. ఆఫీసులో లెక్కలు చూసే అరుణకుమారి రోజూ సాయంత్రం కంప్యూటర్లో చూసి ధర చెప్పేది. శ్రీకాకుళం వాళ్లమ్మాయే గానీ భిలాయిలో పుట్టింది, తెలుగు సగం హిందీ సగం. ధర మెల్లగా ఎక్కింది. డెబ్బై అయిదు, డెబ్బై తొమ్మిది. ఎనభై నాలుగు అయిన రోజు సుభాష్ షెడ్డు మూల కొత్త ఫర్నేస్ కోసం గుంత తవ్వించాడు. కన్నమ్మ సంచి సర్దింది.

అంతలో ఐరోపాలో ఫ్యాక్టరీలు నెమ్మదించాయి. కాల్చేది తక్కువైతే, కాల్చడానికి కొనుక్కునే అనుమతులు మిగిలిపోతాయి. మిగిలిపోతే ధర పడుతుంది. ధర అరవై ఆరుకు వచ్చింది. అదే ఊపున ఎల్బోల ఆర్డరూ పలచబడింది. ధరకే నమ్మకం లేనప్పుడు అప్పుకేం నమ్మకమని బ్యాంకువాళ్లు వడ్డీ పెంచారు. చెడ్డ రోజులు వచ్చినప్పుడే ఫర్నేస్ అక్కర్లేనంత చవక అవుతుంది పొగ. సుభాష్ గుంత మీద రెండు రేకులు కప్పించాడు. కన్నమ్మ సంచి విప్పింది.

వానాకాలంలో ఆ గుంత నిండింది. కప్పలు చేరాయి. ఒకటి ఎంత పెద్దదంటే, అది బెకబెకమంటే మధ్యాహ్నం భోజనాల సైరన్ అనుకుని ఇద్దరు క్యారేజీలు విప్పేశారు. అప్పలసూరి రోజూ పని ముగిశాక రేకు కొంచెం జరిపి ఆ గుంతలోకి చూసేవాడు. కోట్ల యంత్రం కూర్చోవలసిన చోట ఆకాశం ముక్క ఒకటి కదులుతూ ఉండేది.

ధర మళ్లీ డెబ్బై దాటి అక్కడక్కడే తచ్చాడుతున్నప్పుడు ఇంకో కబురొచ్చింది. కొనే కంపెనీ తరఫున ఒక వెరిఫయర్ వస్తాడు. ఎల్బోల వెనక నిజంగా ఎంత కోకు కాలుతుందో కళ్లారా చూసి సంతకం పెడతాడు.

అతను వచ్చే ముందురోజు అరుణకుమారి కాగితాలు పట్టుకుని కొలిమి దగ్గరికొచ్చింది.

"సూరి అంకుల్, ఒక గడ్‌బడ్ ఉంది. మీ బోర్డు మీద ప్రతి ఛార్జికి ఎనిమిది బుట్టల కోకు అని గీతలుంటాయి. కానీ కొన్న కోకు ఇంకా ఎక్కువ. మిగతాది ఎక్కడికి పోతోంది?"

"పొడైపోతాది కదమ్మా. పాత గుమస్తా అలగే రాసేవాడు."

"హా, మేమూ అలాగే రాస్తున్నాం. కానీ ఆ పొడి కుప్ప ఎక్కడ? రేపు ఆయన చూపించమంటే?"

అప్పలసూరి బోర్డు వైపు చూశాడు. తర్వాత పాదాల వైపు చూశాడు.

ఆ సంగతి అతనికి ఒక్కడికే తెలుసు. అతనికి పని నేర్పిన పాత మెల్టరు అప్పలకొండ విజయనగరం మనిషి. ప్రతి ఛార్జికి ఎనిమిది బుట్టలు వేసి, సుద్దముక్కతో ఎనిమిది గీతలు గీసి, ఆ తర్వాత సుద్దముక్క కింద పెట్టి, పైడితల్లి అమ్మవారి పేరు చెప్పి తొమ్మిదో బుట్ట వేసేవాడు. దానికి గీత ఉండేది కాదు. "అమ్మకిచ్చింది బోర్డు మీద రాస్తామేట్రా? రాస్తే అది అమ్మదెలగవుతాది?" అనేవాడు. ముప్పయ్యారేళ్లుగా అప్పలసూరి అదే చేస్తున్నాడు. ఒక్కరోజు కూడా ఇనుము చల్లబడలేదు, కాలవ మూసుకుపోలేదు.

అతను అదంతా చెప్పాక అరుణకుమారి చేతిలో కాగితాలు మళ్లీ తిరగేసింది. "అయ్యో అంకుల్! తొమ్మిదిలో ఒకటంటే చిన్నదా? మన పొగ నంబరు అంతా తప్పే కదా!"

"ఏటవుతాదమ్మా ఇప్పుడు?"

ఆమె అక్కడే ఇసుకలో పుల్లతో గీసి చెప్పింది. తొమ్మిదో బుట్ట చెప్పకపోతే, పాత నంబరే నిలుస్తుంది. అది కొనేవాళ్లు పెట్టిన హద్దుకి కాస్త కిందే ఉంది, ఆర్డరుకి ఢోకా లేదు. పొడి అని ఎలాగో సర్ది చెప్పొచ్చు. సుభాష్ పాత కొలిమితోనే కులాసాగా బండి లాగిస్తాడు. చెబితే నంబరు హద్దు దాటుతుంది. ఆర్డరు పోవచ్చు. కానీ ఎక్కువ పొగ అంటే ఎక్కువ కోత. అంత కోత తప్పించే ఫర్నేస్‌కి ధర ఎనభై దాకా ఎక్కక్కర్లేదు. డెబ్బై ఒకటికే గిట్టుబాటవుతుంది.

"ఇవాళెంతున్నాది?"

"డెబ్బై రెండు."

ఆ సాయంత్రం కన్నమ్మ ఎంతున్నాదని అడిగితే అప్పలసూరి అంకె చెప్పి ఊరుకోలేదు. మొత్తం చెప్పాడు. ఆమె వెనక ఎక్కడో పాలకొండ బస్సు హారన్ వినిపించింది.

"ఇన్నేళ్లు నాకైనా చెప్పలేదు కద మావా."

"అమ్మవారిది. ఎవరికీ చెప్పకూడదన్నాడు అప్పలకొండ."

"బుట్ట అమ్మవారిదే. కాదన్ను. ఆ బుట్ట పొగ మాత్రం అమ్మవారు మింగలేదు. నాను మింగాను."

స్టేషన్లో విశాఖ వెళ్లే రైలు కదులుతోంది. కన్నమ్మను తీసుకుపోయిందీ అదే.

"చెప్పీమంటావా?"

"నాకోసమని చెప్పకు. ఆర్డరు పోతే పదిమంది ఉసురు నాకేల? నిజమని చెప్పాలనిపిస్తే చెప్పు."

మర్నాడు ఉదయం వెరిఫయర్ వచ్చాడు. తెల్లటి హెల్మెట్ పెట్టుకున్న సన్నటి మనిషి, ఎక్కువ మాట్లాడడు. సుభాష్ అతనికి కుర్చీ వేయించి, ఫ్యాను తిప్పించి పక్కనే నిలబడ్డాడు. కొలిమి మండుతోంది. అప్పలసూరి ఒక్కొక్క బుట్ట వేస్తూ గీతలు గీశాడు. ఎనిమిది. సుద్దముక్క కింద పెట్టాడు. పెదవులు కదిలాయి. తొమ్మిదో బుట్ట కొలిమి నోట్లో పడింది. వెరిఫయర్ కలం ఆగింది.

అప్పలసూరి వంగి సుద్దముక్క తీసుకున్నాడు. ముప్పయ్యారేళ్లుగా ఖాళీగా ఉన్న చోట తొమ్మిదో గీత గీశాడు. అది కొంచెం వంకరగా వచ్చింది. అరుణకుమారి వైపు తిరిగి, "రోజూ తొమ్మిదేనని చెప్పమ్మా ఆయనకి. పొడి కాదు," అన్నాడు.

వెరిఫయర్ వెళ్లిపోయాక సుభాష్ తన హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు.

"క్యా కర్ దియా చాచా? నీకు పైత్యమా? ఎనిమిదితో అంతా సెట్ అయి ఉంది!"

"కొలిమి తొమ్మిది తింటున్నాది బాబూ."

"ఇన్నేళ్లు చెప్పలేదు, ఇవాళే దొరికిందా చెప్పడానికి?"

"ఇన్నేళ్లు అడగలేదు. ఇవాళ అడిగారు."

కొనేవాళ్లు ఆర్డరులో మూడో వంతు కోసేశారు. వారంలో రెండు రోజులు కొలిమి వెలగడం మానేసింది. తోటివాళ్లు భోజనం దగ్గర అప్పలసూరి పక్కన కూర్చోవడం మానేశారు. ఒకడైతే, "ముసలాడు పెళ్లాం మీద బెంగతో మన కడుపు కొట్టాడు," అని వినేలా అన్నాడు. అప్పలసూరి కాదనలేదు. నిజం కోసం చెప్పాడో కన్నమ్మ కోసం చెప్పాడో విడదీసి చూసుకోవడం అతనికీ చేతకాలేదు. ఆ రోజుల్లో గుంత దగ్గరికి వెళ్లడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు.

సుభాష్ నెల రోజులు అరుణకుమారి ఇచ్చిన డెబ్బై ఒకటి లెక్కను జేబులో పెట్టుకుని తిరిగాడు. ధర రోజూ ఆ అంకెకి ఇటూ అటూ ఊగేది. ఒకరోజు ఆ కాగితాన్ని తీసి బల్ల మీద కొట్టాడు.

"అరుణా, తగ్గుతుందని నాకు భయం. మరి ఆ కొనేవాడికి ఏం భయం?"

"పెరుగుతుందని భయ్యా. వందకి పోతే వాడికి మునక."

"వాడి భయం, నా భయం ఎదురుబొదురు కదా. రెండూ ఒక కాగితం మీద పెడితే?"

ఆ కాగితం రాయడానికి రెండు నెలలు పట్టింది. మార్కెట్లో ధర ఎంతైనా సరే, నాలుగేళ్లపాటు ఇద్దరి మధ్య కోత లెక్క డెబ్బై రెండు దగ్గరే ఉంటుంది. బదులుగా సుభాష్ కరెంటు ఫర్నేస్ పెట్టి పొగలేని ఎల్బోలు ఇవ్వాలి. ఆ కాగితం చూపించాక బ్యాంకు కూడా మెత్తబడింది. సుభాష్ గుంత మీది రేకులు తీయించి, పంపు పెట్టించాడు. నీళ్లతో పాటు కప్పలూ బయటికొచ్చాయి. సైరన్ కప్ప అందరికంటే చివర, రిటైరైన ఆఫీసరులా నడుచుకుంటూ గేటు దాటింది.

ఫర్నేస్ రావడానికి ఇంకా అయిదు నెలలు. అప్పలసూరి ఆ సాయంత్రం పవర్ హౌస్ దగ్గర సైకిల్ ఆపాడు. ఫోన్ మోగింది.

"ఎంతున్నాది మావా?"

"అరవై మూడు."

"అమ్మో! మరి..."

"ఎంతుంటే మనకేటే? నాలుగేళ్లు డెబ్బై రెండేనని రాసీసుకున్నారు. గుంతలో నీళ్లు తోడీసారు. ఇంక అడక్కు."

అటునుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. తర్వాత కన్నమ్మ మెల్లగా అడిగింది.

"కరెంటు కొలిమన్నావు. ఆ కరెంటు కోసం బొగ్గు ఎక్కడ కాలుస్తారు?"

"కోర్బాలోననుకుంటాను."

"అయితే అక్కడెవరో కన్నమ్మ దగ్గుతాది."

అప్పలసూరి ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు. రెండేళ్లుగా ఆ అంకెతోనే మాట మొదలయ్యేది. అది పోయేసరికి, కొత్తగా పెళ్లయినవాళ్లలా ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. విశాఖ రైలు వచ్చి ఆగింది. ఎవరెవరో దిగారు.

"జామచెట్టు కాసిందా?" అని చివరికి కన్నమ్మ అడిగింది.

"కాసింది. చిలకలు తినేస్తున్నాయి."

"తిననీ. అయిదు నెలలే కదా." కొంచెం ఆగి, "చొక్కా కవరు ముడి విప్పావా?" అంది.

"లేదు."

"విప్పకు. ఇప్పుడప్పుడే వాసన చూడకు కూడా. ముడేసింది నాను. నానే వొచ్చి విప్పుతాను."

"స్టేషనుకి అదే తొడుక్కు రమ్మన్నావు కదే."

"ఏటో అన్నాను. ఏ చొక్కాతో ఉంటే ఆ చొక్కాతోనే రా."

రైలు కదిలింది. అప్పలసూరి సైకిల్ స్టాండు తీశాడు గానీ ఎక్కలేదు. చివరి పెట్టె కనిపించకుండా పోయేదాకా నిలబడి, తర్వాత కోహ్కా దారి పట్టాడు. ఖాళీ ఇంటి వాకిట్లోకి వచ్చాక, ఎవరూ వినేవాళ్లు లేకపోయినా, సైకిల్ గంట రెండుసార్లు మోగించాడు.